తాళ్లపాక సంకీర్తనల కర్తృత్వ నిర్ధారణ

తాళ్లపాక సంకీర్తనల కర్తృత్వ నిర్ధారణ అంటే, తిరుమల వేంకటేశ్వరుడి మీద తాళ్లపాక కవులు చెప్పిన పాటల్లో ఏ పాట ఎవరిది, దాని సాహిత్యం ఎవరు కట్టారు, నేడు వినిపించే వరస ఎవరు కూర్చారు, ఆ వరసను స్వరాల్లో ఎవరు రాసిపెట్టారు అన్న నాలుగు ప్రశ్నలకు ఆధారాలతో జవాబు చెప్పే పని. సంగీత కళాశాలల గ్రంథాలయాల్లోనూ, గాయకులు ఒకరికొకరు పంచుకునే నొటేషన్ భాండాగారాల్లోనూ ఈ నాలుగింటికీ కలిపి తరచు ఒక్క గీతే ఉంటుంది: "రచన: అన్నమాచార్య". చాలా పాటల విషయంలో ఆ గీతలో సగమే నిజం. కొన్నిటి విషయంలో అదీ లేదు.

కర్నాటక సంగీతంలో కర్త పేరు సందేహంలో పడ్డ పాటలు ఎన్నో ఉన్నాయి. తిరుపతి పాటలకు మాత్రం మరెక్కడా లేని వసతి ఒకటి ఉంది. కర్తల కాలానికి అతి దగ్గరలో, వారి ఇంటివారే చెక్కించిన లోహపు ప్రతి ఇప్పటికీ ఉంది. అంత సాక్ష్యం చేతిలో ఉండి కూడా తప్పు పేర్లు చలామణీ కావడం ఈ విషయాన్ని విడిగా చూడాల్సినంత ఆసక్తికరం చేస్తుంది.

రాగిరేకులు

తాళ్లపాక అన్నమాచార్యుడు రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టి 1503లో కాలం చేశాడు. ఈ రెండు తేదీలకూ మూలం రాగిరేకే. అధ్యాత్మ సంకీర్తనల రాశి మొదటి రేకు మీద ఒక చిన్న శీర్షిక ఉంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యుడికి పదహారేళ్ల వయసులో స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటినుంచి శకం 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన విన్నవించిన సంకీర్తనలు ఇవనీ అందులో ఉంది. శకం 1346 అంటే క్రీస్తుశకం 1424. అందులోంచి పదహారు తీసేస్తే పుట్టిన ఏడు తేలుతుంది.

ఈ శీర్షికను కొంచెం నిదానంగా చదవాలి. కవి మరణ తిథి దాంట్లోనే ఉంది కాబట్టి దాన్ని ఆయన చెక్కించలేదన్నది స్పష్టం. కొడుకు పెద తిరుమలాచార్యుడి పూనికతో ఈ పని జరిగిందని పండితుల నిర్ణయం. అంటే "ఈ రాశి మా నాన్నగారిది" అని ఇంటి వారసుడు చెప్పిన మాట అది. కర్తృత్వానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఆ కాలపు భారతీయ సంగీతంలో దొరకడం అరుదు. అయినా అది వారసుడి మాటే గాని కవి చేవ్రాలు కాదన్న ఎరుక పరిశోధకుడికి ఉండాలి.

రేకులు తిరుమల ఆలయంలో హుండీకి ఎదురుగా ఉన్న రాతి అరలో ఉండేవి. సంకీర్తన భాండాగారం అని దానికి పేరు. లోపల ఏముందో లోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. కాంబెల్ దొర, తిరుపతి కొండ మీది గుడిలో రాగిరేకుల మీద పద్యాలు ఉన్నాయని విని, వాటిని చూసిరమ్మని మనిషిని పంపాడు. ఒక వ్యాకరణ గ్రంథం తప్ప, మిగిలినవన్నీ దేవుడి మీద స్తోత్రాలేనని తన పీఠికలో రాసి ఊరుకున్నాడు. తెలుగు సాహిత్యంలోని అతి పెద్ద పాటల నిధి కళ్లముందు ఉండగా, తనకు కావలసింది అది కాదని పక్కన పెట్టేశాడన్నమాట. తర్వాత వందేళ్లకు, 1922 ప్రాంతంలో, ఆ రేకుల మీదికి మళ్లీ దృష్టి మళ్లింది. దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటి విలువ గుర్తించి వెలుగులోకి తెచ్చాడు. 1930ల నడుమ నుంచి దేవస్థానం ముద్రణ మొదలుపెట్టింది. వేటూరి ప్రభాకరశాస్త్రి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో ఉంటూ ఈ పనిని ముందుకు నడిపాడు. మనుమడు చిన తిరువేంగళనాథుడు (చిన్నన్న) ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రను విపులమైన పీఠికతో 1949లో ప్రకటించాడు. 1950లో వేటూరి కన్నుమూశాక పరిష్కరణ భారం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మీద పడింది. ఆ తర్వాత గౌరిపెద్ది రామసుబ్బశర్మ, ఉదయగిరి శ్రీనివాసాచార్యులు వంటివారు కొనసాగించారు. నేడు తాళ్లపాక సాహిత్యం 29 సంపుటాల్లో దొరుకుతోంది.

చిన్నన్న ద్విపద అన్నమయ్య పాటలు 32 వేలు అంటుంది. దొరికినవి దాదాపు 12 వేలు. ఈ తేడా కర్తృత్వ చర్చలో తలనొప్పి తెచ్చిపెడుతుంది. "రేకుల్లో లేకపోతేనేం, పోయిన ఇరవై వేలలో ఇదొకటి కావచ్చుగా?" అని ఎవరైనా అడగొచ్చు. కావచ్చు. అయితే అలా అడిగినవారే ఆధారం చూపాలి. పోయిన పాటల లెక్క ఏ పాటకూ సాక్ష్యం కాదు.

ఒక రేకును చేతిలోకి తీసుకుంటే కనిపించేది ఇంతే: రెండు వైపులా కలిపి మామూలుగా ఆరు పాటలు, ప్రతి పాటకూ పైన రాగం పేరు, తర్వాత పల్లవి, చరణాలు. ఆనాటి తెలుగు లిపి, మాటల మధ్య ఎడం లేదు, పాదం విరుపు చూపే గీతలూ తక్కువే. తాళం పేరు సాధారణంగా ఉండదు. స్వరాలు ఉండవు. కవి పేరు పాట పక్కన ఉండదు. రేకు ఏ రాశిలోదో తెలిస్తేనే కర్త తెలుస్తాడు. అందుకే రేకు సంఖ్య ప్రాణప్రదమైన వివరం. ముద్రిత సంపుటాల్లో ప్రతి పాటకూ రేకు సంఖ్య ఉంటుంది. నొటేషన్ కాగితాల మీదికి వచ్చేసరికి అది జారిపోతుంది.

ఒక ముద్ర, ముగ్గురు కవులు

త్యాగరాజు పాటలో "త్యాగరాజు" ఉంటుంది, దీక్షితుల కృతిలో "గురుగుహ" ఉంటుంది. సంగీత విద్యార్థులు ముద్ర చూసి కర్తను చెప్పడం అలా నేర్చుకుంటారు. తాళ్లపాక పాటల దగ్గర ఈ పద్ధతి చెల్లదు. అన్నమయ్య తన పేరు పెట్టుకోలేదు. చివరి చరణంలో వేంకటేశ్వరుణ్ణి తలుచుకోవడమే ఆయన ముద్ర. కొడుకు పెద తిరుమలాచార్యుడిదీ అదే ముద్ర, మనుమడు చిన తిరుమలాచార్యుడిదీ అదే. ముగ్గురూ అధ్యాత్మ, శృంగార సంకీర్తనలు చెప్పారు, ముగ్గురి పాటలూ రేకుల మీదికెక్కాయి. భాష, నడక, పల్లవి మీద చరణాలు నిలబెట్టే తీరు ఇంచుమించు ఒకటే. పాట చూసి తండ్రిదో కొడుకుదో చెప్పగలమనేవారి ధైర్యం మెచ్చుకోదగ్గదే గాని, రేకుల రాశిని పక్కన పెట్టి ఆ మాట అంటే నమ్మక్కరలేదు.

ఈ తికమకకు అందరికంటే పెద్ద ఉదాహరణ "అప్పని వరప్రసాది అన్నమయ్య". ఇది చిన తిరుమలాచార్యుడు తాతను కీర్తిస్తూ చెప్పిన పాట. క్యాసెట్ల కాలం నుంచీ ఇది "అన్నమయ్య కీర్తనలు" అన్న అట్ట కిందే తిరుగుతోంది, నొటేషన్ పుటల్లోనూ "రచన: అన్నమాచార్య" అనే పడుతోంది. తన్ను తానే వరప్రసాది అని పొగుడుకున్నాడని ఆ వినయశీలి మీద నింద వేసినట్టు అవుతుందన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ముద్ర ఇంకో వైపు నుంచీ మోసం చేస్తుంది. అన్నమయ్య తిరుమలలోనే కూర్చోలేదు. అహోబిలం నరసింహుడి మీద, ఒంటిమిట్ట రాముడి మీద, తన ఊరి చెన్నకేశవుడి మీద, ఇలా ఎందరో దేవుళ్ల మీద పాడాడు. చివరికి ఆ దేవుణ్ణి వేంకటేశ్వరుడితో ఒకటి చేసి ముగించడం ఆయన అలవాటు. కాబట్టి పాటలో వేరే ఊరి దేవుడున్నాడని దాన్ని అన్నమయ్యది కాదనలేం. అలాగే వేంకటేశుడున్నాడని ఆయనదే అనలేం. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు (1845–1902) ముద్ర "వేంకటేశ". ఆయన గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్యదీ అదే. పల్లవి, అనుపల్లవి, చరణం, మధ్య చిట్టస్వరం ఉన్న 19వ శతాబ్ది కృతి పొరపాటున తాళ్లపాక వరుసలో చేరితే దాని కట్టడం చూసి పట్టుకోవచ్చు. తాళ్లపాక పాట సాధారణంగా పల్లవి, దాని వెంట మూడు చరణాలుగా నడుస్తుంది.

అన్నమయ్య సంస్కృతంలో సంకీర్తన లక్షణం అనే శాస్త్రగ్రంథం రాశాడు. అది దొరకలేదు. దాన్ని చిన తిరుమలాచార్యుడు తెలుగు చేసినది మాత్రం దొరికింది. ఆ తెలుగు పుస్తకంలో మనుమడు మూలం తాతదని, వ్యాఖ్య తండ్రిదని, తెలుగు తనదని విడదీసి చెప్పాడు. ఎవరి పని ఎవరిదో విడివిడిగా రాయడం ఆ ఇంట్లో ఐదువందల ఏళ్ల కిందటే ఉన్న మర్యాద.

రేకుకెక్కకుండా నోటికెక్కినవి

రేకులు అరలో నిద్రపోతున్న కాలంలో తాళ్లపాక పాట పూర్తిగా మూగబోలేదు. దక్షిణాది భజన సంప్రదాయంలో మొదట పాడే తోడయమంగళంలో "శరణు శరణు సురేంద్ర సన్నుత", "మాధవ భవతు తే మంగళం" వంటి అన్నమయ్య పాటలు తరతరాలుగా ఉన్నాయి. తమిళనాట భజనమఠాల్లో వాటిని పాడినవారిలో చాలామందికి కర్త ఎవరో పట్టలేదు. తిరుమలలో ఏకాంతసేవ వేళ తాళ్లపాక వారి లాలి నేటికీ ఆచారం. ఇలాంటి ఆచారం కూడా సాక్ష్యమే. కాకపోతే పాట ఆ ఇంటిదని చెబుతుందే గాని, ఇంట్లో ఎవరిదో చెప్పదు.

"జో అచ్యుతానంద" తెలుగు తల్లులందరికీ తెలిసిన జోల. పాడేవారిని బట్టి చరణాల సంఖ్య మారుతుంది, వరుస మారుతుంది. చివరి చరణంలో తాళ్లపాక అన్నయ్య పేరే వినిపిస్తుంది, ఈ జోల చెప్పింది ఆయనేనని మూడో మనిషి చెప్పినట్టుగా. రేకుల మీది పాటల అలవాటు ఇది కాదని పైన చూశాం. అయితే ఈ చరణం కవిదా, లేక కవి పేరు మరిచిపోకూడదని తర్వాతివారు తగిలించిన చీటీయా? నా మట్టుకు రెండోదే నమ్మదగ్గదిగా తోస్తుంది. అయినా చీటీ తగిలించినవారు ఊరికే తగిలించి ఉండరు, వారికి తెలిసిన సంప్రదాయం ఏదో ఉండే ఉంటుంది. నొటేషన్ పుట మీద దీనికి సరైన మాట "అన్నమాచార్యుడిదని సంప్రదాయం". "రచన" అన్న మాటకూ దీనికీ మధ్య దూరం చిన్నదే అయినా దాన్ని దాటకూడదు.

"చందమామ రావే" సంగతి ఇంకా చిక్కు. పిల్లలకు అన్నం తినిపిస్తూ పాడే ఈ పాట జానపదమని అందరి నమ్మకం. "చందమామ రావో జాబిల్లి రావో" అనే అన్నమయ్య సంకీర్తన కూడా ఉంది. ఊళ్లోని పాటను కవి అందుకుని దేవుడికి పాడాడా, కవి పాట ఊళ్లోకి దిగి వేంకటేశుణ్ణి వదిలేసి చందమామను మాత్రం ఉంచుకుందా? అన్నమయ్య ఏలలు, జాజరలు, సువ్వాలలు, లాలులు వంటి జనం పాటల మట్టులన్నీ చేపట్టిన కవి కాబట్టి మొదటి దారి సహజంగా ఉంటుంది. రెండో దారి అసాధ్యం కాదు. భాండాగారంలో ఈ రెండిటినీ రెండు వేర్వేరు పాటలుగా ఉంచి, ఒకదాన్నుంచి మరొకదానికి సూచన ఇవ్వడమే చేయాల్సిన పని. రెండూ కలిపి ఒకే పేరు కింద పెట్టినప్పుడు జానపదానికీ అన్యాయం, కవికీ అన్యాయం.

సినిమా ఈ రాశిలోకి కొత్త పాటలు చేర్చింది. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 1997లో వచ్చిన "అన్నమయ్య" చిత్రానికి ఎం.ఎం. కీరవాణి సంగీతం. అందులో అన్నమయ్య సంకీర్తనల పక్కన వేటూరి సుందరరామమూర్తి, జె.కె. భారవి రాసిన పాటలూ ఉన్నాయి. తెర మీద అవన్నీ కలగలిసి వస్తాయి గనుక చూసినవారికి తేడా తెలియదు. ఆ సినిమా చూసి పెరిగిన తరం ఇప్పుడు నొటేషన్లు రాస్తోంది. పాట పేరు సంపుటాల సూచికలో లేకపోతే మొదట అనుమానించాల్సింది ఈ సినిమానే.

సూచికలో వెదికేటప్పుడు ఒక జాగ్రత్త. పాడేటప్పుడు "నానాటి బతుకు" అంటాం, సంపుటంలో అది "నానాటి బదుకు". అరసున్నలు, పాత వర్ణక్రమం, సంధి విడదీయని మొదళ్లు కూడా పాటను దాచేస్తాయి. ఒక్క రూపంతో వెదికి దొరకలేదని "రేకుల్లో లేదు" అని తీర్పు చెప్పినవారు చాలామందే ఉన్నారు.

వరస ఎవరిది

సాహిత్యం సంగతి ఎలాగోలా తేలినా, సంగీతం దగ్గర కథ మొదటికొస్తుంది. రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆ రాగాల్లోనూ ముఖారి, శ్రీరాగం, భైరవి వంటివి నేడూ పాడుతున్నా, కొండమలహరి, ఆబాలి, అమరసింధు వంటివి వాడుకలోంచి పోయాయి. పేరు నిలిచిన రాగాల స్వరూపం కూడా ఐదు శతాబ్దాల్లో మారకుండా ఉందని ఎవరూ పూచీ పడలేరు. కాబట్టి నేడు కచేరీల్లో, టీవీల్లో, పెళ్లిమండపాల్లో వినిపించే "అన్నమయ్య పాట" సంగీతం బహుతక్కువ మినహాయింపులతో 20వ శతాబ్దిది.

ఈ పనికి పునాది వేసినవాడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). అనంతపురం జిల్లావాడు, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడు, సంగీతంలో లోతు ఎరిగినవాడు, 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. తెలుగు పాఠం పరిష్కరించే చేత్తోనే పాటకు వరస కట్టి స్వరపరిచి అచ్చుకిచ్చాడు. సాహిత్యం, సంగీతం రెండూ ఒక్క మనిషికి తెలిసినప్పుడు పదం విరుపు దగ్గర రాగం కాలు జారదు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) వచ్చారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ప్రధానాచార్యులుగా పనిచేసినవారిలో ఆయనొకరు. రేవతిలో "నానాటి బతుకు", కురంజిలో "ముద్దుగారే యశోద", తిలంగ్‌లో "ఏమొకో" ఆయన కట్టిన వరసలే. రేవతిలో తప్ప మరో రాగంలో "నానాటి బతుకు"ను ఊహించలేనంతగా ఆ వరస పాటకు అతుక్కుపోయింది. అంత అతుక్కుపోయినందువల్లనే కట్టినవారి పేరు పోయింది. వరస ఎంత గొప్పదైతే అంత త్వరగా అది "సంప్రదాయం" అయిపోతుంది. నేదునూరి వంటి విద్వాంసుడికి దక్కిన విచిత్రమైన బహుమానం ఇది.

1978లో దేవస్థానం తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ కాలంలో కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ చొరవతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల రికార్డులు పాడారు. తెలుగు రాని ఇళ్లకూ అన్నమయ్య చేరింది వాటితోనే. ఆ రికార్డుల్లోని బౌళి "శ్రీమన్నారాయణ" కడయనల్లూరు వెంకటరామన్ కూర్చిన వరస. వింటున్నవారికి గాయని పేరు తెలుసు, కవి పేరు తెలుసు, మధ్యలోని మనిషి పేరు తెలియదు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ (1948–2025) ప్రాజెక్టు ఆరంభం నుంచి 2006 దాకా దేవస్థానంలో పనిచేసి ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు. "వినరో భాగ్యము విష్ణుకథ" అందులో ఒకటి. పూర్వపు చిత్తూరు జిల్లా వాయల్పాడులో పుట్టిన శోభారాజు కూడా ఎన్నో పాటలకు బాణీలు కూర్చి ప్రచారం చేశారు.

ఒకే సాహిత్యానికి రెండు మూడు వరసలు ఉండడం సర్వసాధారణం. అప్పుడు నొటేషన్ పుటలో సాహిత్యకర్త ఒక్కడే, స్వరకర్తలు వేరు, రేకు రాగం ఇంకోటి. "రాగం: రేవతి" అని అచ్చేసి పక్కన "రచన: అన్నమాచార్య" అంటే, 15వ శతాబ్దిలో అన్నమయ్య రేవతిలో పాడాడని చదివే పిల్లవాడు అర్థం చేసుకుంటాడు. పరీక్షలో అదే రాస్తాడు. రేపు పాఠం చెప్పేటప్పుడూ అదే చెబుతాడు. తప్పు ఇలాగే స్థిరపడుతుంది.

నొటేషన్ రాసినవారి సంగతి మరీ చిన్నచూపు. క్యాసెట్ విని ఎవరో స్వరాలు పట్టుకుంటారు, గమకాన్ని తమ చెవికి అందినంతలో రాస్తారు, జిరాక్సు తిరుగుతుంది, తర్వాత పీడీఎఫ్ అవుతుంది. పది చేతులు మారాక అసలు వరసలో లేని సంగతి ఒకటి అందులో చేరి ఉంటుంది. అది స్వరకర్త వేసిందా, గాయని వేసిందా, రాసినవారి చెవి వేసిందా అని తేల్చాలంటే మొదటి రికార్డింగు దాకా వెనక్కి పోవాలి.

చిత్తూరు సీమలోని తక్కిన ఉదాహరణలు

ఈ చిక్కు తాళ్లపాకవారితో ఆగదు. చిత్తూరు జిల్లా కార్వేటినగరం సంస్థానంలో పదాలు చెప్పిన సారంగపాణి ముద్ర "వేణుగోపాల", ఆ ఊరి స్వామి పేరు. క్షేత్రయ్య ముద్ర "మువ్వగోపాల", వీణ కుప్పయ్యరుది "గోపాలదాస". పల్లవి మాత్రమే గుర్తున్న పదంలో "గోపాల" వినబడితే దాన్ని క్షేత్రయ్య ఖాతాలో వేయడం ఎంత సులువో చెప్పనక్కరలేదు. పేరున్నవాడికే అన్నీ చేరతాయి. కార్వేటినగరం ఆదరణలోనే పదవర్ణాలు కట్టిన గోవిందసామయ్య పేరు వర్ణం నేర్చుకునే పిల్లల్లో ఎందరికి తెలుసు?

తరిగొండ వెంగమాంబ (1730–1817) దగ్గర పని కొంత తేలిక. తిరుమలలో స్థిరపడినా ఆమె తన ఊరి నరసింహుణ్ణి వదల్లేదు. "తరిగొండ నృసింహ" ముద్ర ఆమెను మరొకరితో కలవనివ్వదు.

వాలాజాపేట సంగతి చెప్పుకోవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఊరు అది. త్యాగరాజు శిష్యుడు వేంకటరమణ భాగవతులు, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతులు అక్కడ గురువు కృతులనూ జీవితవిశేషాలనూ రాసిపెట్టారు. ఆ రాతప్రతులు మధురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. త్యాగరాజు కృతి ఏదైనా నిజంగా ఆయనదేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాలాజాపేట ప్రతుల్లో ఉందా అని చూడడం నేటికీ మొదటి మెట్టు. దీక్షితుల కృతులకు అలాంటి మెట్టు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. అందులో ఉన్న దీక్షితుల కృతులు 229. దాని బయట దొరికిన కృతిని విమర్శకులు ఒకింత అనుమానంతోనే చూస్తారు.

పాశ్చాత్య సంగీతం దీనికి అతీతం కాదు. పియానో నేర్చుకునే ప్రతి పిల్లవాడూ వాయించే జి మేజర్ మినుయెట్‌ను చాలాకాలం బాఖ్ రచన అనుకున్నారు. అది బాఖ్ భార్య అన్నా మగ్దలేనా 1725లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలో ఉండడమే దానికి కారణం. అది క్రిస్టియన్ పెట్జోల్డ్ రచన అని 1970లలో తేలింది. ఇంటి నోటుపుస్తకంలో ఉన్నదల్లా ఇంటాయనది కాదు. 2006లో మొదలైన ఐఎంఎస్ఎల్‌పీ వంటి పెద్ద స్వరలిపి భాండాగారాలు సందేహాస్పదమైన రచనలను అలాగే గుర్తించి విడిగా చూపిస్తాయి. మన భాండాగారాల్లో "సందేహం" అన్న గది ఇంకా రావలసి ఉంది.

హక్కుల లెక్క

పేరు సరిగా రాయడం మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం ఒక కృతి, సంగీతం వేరే కృతి. కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అన్నమయ్య మాటల మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. వరస సంగతి అలా కాదు. ఈ సాధారణ లెక్కన రాళ్లపల్లి కట్టిన వరసలు 2039 చివరిదాకా, నేదునూరివి 2074 చివరిదాకా హక్కుల్లోనే ఉంటాయి. ఉద్యోగంలో ఉంటూ సంస్థ కోసం కట్టినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు సంస్థకు చెందే అవకాశం ఉంది. "ప్రాచీన సంకీర్తన, కాపీరైట్ లేదు" అని నొటేషన్ మీద ముద్ర కొట్టి పంచేవారు ఈ తేడా గమనించడం లేదు.

పుట మీద రాయవలసినవి

తాళ్లపాక పాట నొటేషన్ మీద ఆరు వివరాలు ఉంటే చాలు: రాశిని బట్టి తేలిన సాహిత్యకర్త, సంపుటం, రేకు సంఖ్య, రేకు మీది రాగం, ఈ వరస కట్టినవారు, స్వరాలు రాసినవారు. రేకుల్లో దొరకనిదైతే "సంప్రదాయం" అనీ, సినిమాదైతే గీతరచయిత పేరూ రాయాలి. పాట ముగ్గురిలో ఎవరిదో తేలకపోతే "తాళ్లపాక కవులు" అనడంలో తప్పు లేదు, చిన్నతనమూ లేదు.

సంపుటాలు తిరుపతిలోని గ్రంథాలయాల్లో ఉన్నాయి, దేవస్థానం వాటిని కంప్యూటర్లో చదువుకునేందుకు కూడా పెట్టింది. సూచికలో పల్లవి వెదకడం పెద్ద పనేమీ కాదు. సంగీతం చెప్పే గురువులు కొత్త పాట మొదలుపెట్టే రోజున పలక మీద రాగం, తాళం రాసినట్టే రేకు సంఖ్యనూ స్వరకర్త పేరునూ రాయించగలిగితే, ఆ నోటుపుస్తకాల్లోంచి భాండాగారాలకెక్కే పుటలు వాటంతటవే సరిపడతాయి. దయచేసి అలా రాయించండి.